బిట్‌రేట్ పెంచమంటున్న మావయ్యగారు, బ్యాలెన్స్ ఇవ్వమంటున్న పెళ్లివారు

ఈసారి ఉత్తరం రాసినావిడది పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మోస్తరు ఊరు. మావయ్యగారిది పాతకాలం నుంచీ నడుస్తున్న ఫొటో స్టూడియో, పెళ్లిళ్లే ప్రధానం. భర్త కెమెరా పడతారు, మరిది డ్రోన్, ఆల్బమ్ పనులు చూస్తాడు. పెళ్లి లైవ్ మాత్రం ఈవిడదే. బీకామ్ చదివి, యూట్యూబ్‌లో చూసి ఓబీఎస్ (లైవ్ పంపే, రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుని, ఒక పాత గేమింగ్ ల్యాప్‌టాప్, ఆన్‌లైన్‌లో కొన్న చిన్న క్యాప్చర్ కార్డు (కెమెరా బొమ్మని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చేది), ఒక సిమ్ డాంగిల్‌తో నెట్టుకొస్తున్నారు. మొన్నటి పెళ్లిలో రాత్రి 9:45కి లైవ్ మొదలుపెట్టారు, బొమ్మ సైజు 1080పీ, సెకనుకి 30 ఫ్రేములు, బిట్‌రేట్ (సెకనుకి పంపే డేటా) 6000 కేబీపీఎస్, అంటే 6 ఎంబీపీఎస్. మధ్యాహ్నం హాల్లో స్పీడ్ టెస్ట్ చేస్తే అప్‌లోడ్ 11 ఎంబీపీఎస్ వచ్చిందట, అందుకే ధైర్యంగా ఉన్నారు. పదిన్నర అయ్యేసరికి లైవ్ ఆగిపోయింది. సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. 4000కి దించారు, 2500కి దించారు, ఆఖరికి 1000కి కూడా దించారు, కదల్లేదు. 11:14కి ముహూర్తం. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ రెండూ డాలస్‌లో కూర్చున్న పెళ్లికూతురి అన్నావదినలు చూడలేకపోయారు. పన్నెండు దాటిన కాసేపటికి లైవ్ దానంతటదే వచ్చింది, మళ్లీ 6000 పెట్టారు, తలంబ్రాలు బాగానే వెళ్లాయి, ఒంటిగంట కాకముందే మళ్లీ ఆగింది.

ఇక ఇంట్లో సంగతి. పెళ్లివారు 15,000 బ్యాలెన్స్ ఆపేశారు, అందులో లైవ్ వాటా 8,000. మరిదేమో అమెరికాలో రెండొందల మంది ఒకేసారి చూడటం వల్ల నెట్ చీలిపోయిందంటాడు. మావయ్యగారు ఓబీఎస్‌లో చేసిన రికార్డింగ్ చూసి, తలంబ్రాల దగ్గర బొమ్మంతా గడులు గడులుగా ఉందని, బిట్‌రేట్ తక్కువ పెట్టడం వల్లే ఇదంతా అని, ఇకమీదట లైవ్‌కి 12000, రికార్డింగ్‌కి 50000 పెట్టమని తేల్చేశారు. "ఆడపిల్లకి మిషన్ అప్పజెబితే ఇంతే" అని నలుగురిలో అన్నారట. భర్త ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెలలో సొంత ఆడపడుచు పెళ్లి. "అసలు ఎంత పెట్టాలి, ఒక నంబర్ చెప్పండి, లేదా ఈ పని మానేయమని చెప్పండి" అని ముగించారు ఉత్తరం.

నంబర్ చెప్తాను గానీ ముందు ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో దొంగని పట్టుకున్నారు, అసలు దొంగ మీ ఉత్తరంలోనే వేరే చోట కూర్చుని ఉన్నాడు. మీరు మధ్యలో ఎక్కడో, ఏదో మామూలు విషయంలా ఒక ముక్క రాశారు చూడండి: డాంగిల్ సిమ్‌కి మావయ్యగారే రీఛార్జ్ చేయిస్తారు, రోజుకి 2 జీబీ ప్యాక్ అని. ఇప్పుడు లెక్క వేయండి. వీడియో 6000, దాంతో పాటు ఆడియో 128, మొత్తం సెకనుకి సుమారు 6.13 మెగాబిట్లు పైకి పోతున్నాయి. 2 జీబీ అంటే 16,000 మెగాబిట్లు, బైట్‌కి ఎనిమిది బిట్లు కాబట్టి. భాగిస్తే 2,610 సెకన్లు, అంటే నలభై మూడు నిమిషాల చిల్లర. 9:45కి మొదలై పదిన్నరకి ఆగింది. ప్యాక్ మళ్లీ నిండేది అర్ధరాత్రి. పన్నెండు దాటాక వచ్చింది, ఒంటిగంట లోపు ఆగింది, అంటే మళ్లీ అదే నలభై చిల్లర నిమిషాలు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

రోజువారీ డేటా అయిపోయాక మన దగ్గర ఎక్కువ ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. మీ ఆడియో ఒక్కటే 128. అందుకే 1000కి దించినా కదల్లేదు, 200కి దించినా కదిలేది కాదు. టవర్ మీద రద్దీ అయితే ఇలా ఉండదు, కాసేపు పోతుంది, కాసేపు ఆగుతుంది, ఫ్రేములు పడిపోతుంటాయి, బిట్‌రేట్ తగ్గిస్తే కొంతైనా ఊపిరి పీల్చుకుంటుంది. మీది గోడకి గుద్దుకున్నట్టు ఆగింది. ప్యాక్ అయిపోయిందని కంపెనీ మెసేజ్ పంపే ఉంటుంది కూడా, కానీ సిమ్ డాంగిల్‌లో ఉంటే ఆ మెసేజ్‌లు ఎవరు చూస్తారు? చాలా డాంగిళ్ల సెట్టింగ్స్ పేజీలో మెసేజ్‌ల పెట్టె ఉంటుంది, ఈ రాత్రే తెరిచి చూడండి. ఆ నంబర్‌తో సిమ్ కంపెనీ యాప్‌లోకి వెళ్తే ఏ రోజు ఎంత డేటా వాడారో కూడా తేదీలవారీగా దొరకొచ్చు, ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, తర్వాత దాంతో పనుంది. అందులో ఆ తేదీకి 2 జీబీ నిండినట్టు లేకపోతే నా లెక్క తప్పే, అప్పుడు మళ్లీ రాయండి. నాకైతే పెద్దగా అనుమానం లేదు.

అంటే మావయ్యగారు చెప్పినట్టు 12000 పెట్టి ఉంటే ఏమయ్యేది? ఇరవై రెండు నిమిషాల్లో ఆగిపోయేది. అంతే తేడా.

మరిది గారి సిద్ధాంతం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీరు యూట్యూబ్‌కి పంపేది ఒక్క కాపీ. దాన్ని తీసుకుని 1080, 720, 480, 360 అని రకరకాల సైజుల్లో మళ్లీ తయారుచేసి ప్రపంచమంతా పంచిపెట్టే పని వాళ్ల సర్వర్లది. చూసేది ఇద్దరైనా, రెండు లక్షల మందైనా మీ డాంగిల్ మీద పడే బరువు ఒకటే. డాలస్‌లో ఆయన నెట్ నెమ్మదిగా ఉంటే ఆయనకి 360 వెళ్తుంది, దానికీ మీకూ సంబంధం లేదు.

ఇప్పుడు బిట్‌రేట్ సంగతి. మావయ్యగారి వాదనలో సగం నిజం ఉంది, అందుకే దాన్ని కొట్టిపారేయడం కష్టం. ఆయన డీవీడీలు రాసిన మనిషి కదా, ఆ భాషలోనే చెప్పండి. 4.7 జీబీ డీవీడీలో రెండు గంటల పెళ్లి పెడితే సెకనుకి 5 మెగాబిట్ల పైచిలుకు వచ్చేది, బొమ్మ శుభ్రంగా ఉండేది. అదే డీవీడీలో నాలుగు గంటలు కుక్కితే వాటా సగం అయ్యేది, ముఖాలు పాకం పట్టినట్టు అయ్యేవి. అప్పుడాయన ఏం చేసేవారు? రెండో డీవీడీ వేసేవారు, లేదా పెళ్లి కత్తిరించేవారు. డిస్క్ ఎంతుందో ముందు చూసుకుని, దాన్ని నిమిషాలతో భాగించి, అప్పుడు నంబర్ పెట్టేవారు. డిస్కు బదులు ఇప్పుడు డేటా ప్యాక్, అప్‌లోడ్ వేగం వచ్చాయి, లెక్క మాత్రం మారలేదు. ఆయనకి ఇది కొత్త విద్య కాదు, తెలిసిన విద్యే.

ఒక గుర్తు పెట్టుకోండి, చాలా పనికొస్తుంది: ఎంబీపీఎస్‌ని 0.45తో హెచ్చిస్తే గంటకి ఎన్ని జీబీలో వస్తుంది. 3 ఎంబీపీఎస్ అంటే గంటకి 1.35 జీబీ. 6 అంటే 2.7. 20 అంటే 9. 50 అంటే 22.5. లైవ్‌కైనా, కార్డుకైనా, హార్డ్‌డిస్క్‌కైనా ఇదే లెక్క.

ఇక బొమ్మ వైపు నుంచి ఎంత కావాలి అన్నది. కెమెరా లోపల 1080పీ బొమ్మ, 30 ఫ్రేములు, ఏమీ నొక్కకుండా పంపితే సెకనుకి దాదాపు 746 మెగాబిట్లు అవుతుంది. మీరు దాన్ని 6కి నొక్కుతున్నారు, అంటే నూట పాతిక వంతుల్లో ఒక వంతు. ఇంత నొక్కినా బొమ్మ బొమ్మలా ఉండటానికి కారణం, ఎన్‌కోడర్, అంటే బొమ్మని నొక్కే భాగం, అంతకుముందు ఫ్రేములో ఉన్నదాన్ని మళ్లీ పంపదు. మండపం వెనకాల పూల డెకరేషన్ కదలదు, అది ఒకసారి వెళ్తే చాలు. పంతులుగారి చెయ్యి కదిలితే చెయ్యి మేరకి "ఇది ఇటు జరిగింది" అని చెప్తుంది, అంతే. ఈ పొదుపుతో జీలకర్ర బెల్లం దాకా హాయిగా గడుస్తుంది. అప్పుడు తలంబ్రాలు వస్తాయి. వందల బియ్యపు గింజలు, ఒక్కోటి ఒక్కో దారిలో, ఏ గింజా పోయిన ఫ్రేములో ఉన్నచోట లేదు, పైగా ఇప్పుడు అందులో రంగురంగుల థర్మోకోల్ బంతులు కలుపుతున్నారు, చుట్టూ ఫోన్ల ఫ్లాష్‌లు, వెనకాల పట్టుచీర జరీ మెరుపు. ఎన్‌కోడర్‌కి పాతదాంట్లోంచి తీసుకోవడానికి ఏమీ మిగలదు, అన్నీ కొత్తగా గీయాలి, చేతిలో ఉన్నదేమో అదే 6 మెగాబిట్లు. గింజలకి ఖర్చుపెట్టి పెట్టి పెళ్లికూతురి ముఖానికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. మావయ్యగారు చూసిన గడులు అవే. మీ చేతకానితనం కాదు అది, పెళ్లి మొత్తంలో ఎన్‌కోడర్‌కి అంతకన్నా కష్టమైన ఘట్టం ఇంకోటి లేదు.

అంచనాకి ఒక మోటు లెక్క ఉంది: వెడల్పు, ఎత్తు, ఫ్రేములు మూడూ హెచ్చించి, పిక్సెల్‌కి 0.1 బిట్ చొప్పున కడితే హెచ్.264 అనే నొక్కుడు పద్ధతిలో మామూలు పెళ్లికి సరిపోయే నంబర్ వస్తుంది. 1080పీ 30 ఫ్రేములకి 6.2 ఎంబీపీఎస్. అంటే మీ 6000 బొమ్మ పరంగా సరైనదే, ఎవరేమన్నా సరే. 720పీ 30కి 2.8. ఫ్రేములు 25 చేస్తే 1080కి 5.2, 720కి 2.3. కదలిక మరీ ఎక్కువైతే, సంగీత్ డాన్సులూ అవీ, ఇంకో సగం కలపాలి. ఇది నియమం కాదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్తుంది, అంతే. యూట్యూబ్ తన సూచనల్లో 1080పీ 30కి 10 ఎంబీపీఎస్, 720పీకి 4 అంటుంది, ఎందుకంటే మీరు పంపినదాన్ని వాళ్లు మళ్లీ నొక్కుతారు, ముడిసరుకు ఎంత బాగుంటే అంత మంచిది. కానీ తక్కువ పంపితే తీసుకోరని కాదు.

25 ఫ్రేములని ఊరికే అనలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్. 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌తో తీస్తే హాల్లో కొన్ని లైట్ల కింద బొమ్మ సన్నగా మినుకుతుంది, 25 పెట్టి 1/50లో తీస్తే చాలావరకు పోతుంది. బొమ్మ మొత్తం మినుకుతుంటే ఎన్‌కోడర్‌కి కదలనిది కూడా కదిలినట్టే లెక్క, బిట్లు వృథా. చీకటి మండపంలో ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే శక్తి) పెంచితే వచ్చే గ్రెయిన్, అంటే సన్నటి చుక్కలు కూడా అంతే, ప్రతి ఫ్రేములో కొత్త గ్రెయిన్, దాన్ని కూడా శ్రద్ధగా గీస్తూ కూర్చుంటుంది పాపం. మీవారితో మండపం మీదికి ఇంకొక లైటు వేయించండి. 1000 కేబీపీఎస్ పెంచడం కన్నా ఒక్కోసారి అదే మేలు చేస్తుంది.

దారి ఎంత వెడల్పుందో చూసుకోవడం ఇంకా ముఖ్యం. మీరు మధ్యాహ్నం నాలుగింటికి ఖాళీ హాల్లో చేసిన స్పీడ్ టెస్ట్ రాత్రికి పనికిరాదు. అదే టవర్ కింద వెయ్యి మంది చుట్టాలు వచ్చి ఫొటోలు, స్టేటస్‌లు పెడుతుంటారు. అదీగాక, 4జీ, 5జీ బ్యాండ్లలో చాలావాటిలో ఒకే దారిని కాసేపు రాకకి, కాసేపు పోకకి వాడతారు, ఎక్కువ సమయం డౌన్‌లోడ్‌కే కేటాయిస్తారు, అందుకే మీ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 38 వచ్చిన చోట అప్‌లోడ్ 11. జనం పెరిగితే ముందు నలిగేది ఆ సన్నటి వైపే. స్పీడ్ టెస్ట్ కొన్ని సెకన్లు పరిగెత్తి ఆగిపోతుంది, మీ లైవ్ గంటలకొద్దీ ఒకే కనెక్షన్ మీద నడవాలి. కాబట్టి ఆడపడుచు పెళ్లికి ముందు అదే హాల్లో వేరే ఫంక్షన్ ఉన్న సాయంత్రం చూసుకుని వెళ్లి, ఒక ప్రైవేట్ లైవ్ ఇరవై నిమిషాలు నడపండి. ఓబీఎస్‌లో స్టాట్స్ కిటికీ తెరిచి పెట్టుకోండి. అందులో నెట్ వల్ల పడిపోయిన ఫ్రేములు ఒక వరుస, ఎన్‌కోడింగ్ అందుకోలేక వదిలేసినవి ఇంకో వరుస. మొదటిది పెరిగితే దారి ఇరుకు, బిట్‌రేట్ దించాలి. రెండోది పెరిగితే ల్యాప్‌టాప్ అలిసిపోయింది, అప్పుడు బిట్‌రేట్ దించినా లాభం లేదు, ఎన్‌కోడర్‌ని గ్రాఫిక్స్ కార్డుకి మార్చాలి లేదా ప్రీసెట్ (ఎన్‌కోడర్ ఎంత కష్టపడాలో చెప్పే సెట్టింగ్) తేలిక చేయాలి. ఈ రెండూ కలిపేసి అందరూ "నెట్ స్లో" అనేస్తారు. పరీక్షలో అప్‌లోడ్ ఎంత తక్కువకి పడిందో చూసి, అందులో సగం, మహా అయితే అరవై శాతం పెట్టండి. సగటుని చూడకండి, కనిష్ఠాన్ని చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, ఇప్పుడున్న డాంగిల్‌తోనే 720పీ, 25 ఫ్రేములు, 3000 కేబీపీఎస్. గంటకి ఆడియోతో కలిపి 1.4 జీబీ, అయిదు గంటల పెళ్లికి 7. పెళ్లి రాత్రంతా చెల్లేలా డేటా బూస్టర్లు (ప్యాక్ పైన కొనే అదనపు డేటా) వేసుకుని 10 జీబీ చేతిలో ఉంచుకుంటే చాలు. ఫోన్‌లో చూసేవాళ్లకి తేడా తెలియదు. డాలస్‌లో టీవీకి పెట్టుకుని చూసేవాళ్లకి కొంచెం మెత్తగా ఉన్నట్టు తెలుస్తుంది. తలంబ్రాలు 1080పీ, 3000 కన్నా దీంట్లోనే బాగుంటాయి, ఎందుకంటే పిక్సెల్‌కి వచ్చే వాటా రెట్టింపు పైన ఉంటుంది. చేతిలో ఉన్న బిట్లు తక్కువైనప్పుడు సైజు తగ్గించడం పెద్ద తెలివి, దీన్ని చాలామంది ఒప్పుకోరు, "హెచ్‌డీ అన్నారుగా" అంటారు.

రెండు, హాలు వాళ్ల ఫైబర్. ఆఫీసు గదిలో సీసీ కెమెరాల కోసం చాలా హాళ్లలో ఉంటోంది. మేనేజర్‌ని అడిగి వైఫై కాకుండా కేబులే లాక్కోండి, యాభై మీటర్ల ల్యాన్ వైరు మీ కిట్‌లో ఉండాల్సిందే. ఫైబర్‌లో చాలా ప్లాన్లకి అప్‌లోడ్, డౌన్‌లోడ్ ఒకటే ఉంటాయి, అప్పుడు 1080పీ 25కి 6000, వీలైతే 8000 కూడా నిశ్చింతగా పెట్టొచ్చు. ఇబ్బందల్లా కరెంటు పోయి జనరేటర్ వేసే మధ్యలో రౌటర్ ఆగిపోవడం, మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పట్టడం. రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ తగిలించకుండా ఈ దారిలో వెళ్లొద్దు.

మూడు, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు. రెండూ ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే కలిసి పనిచేస్తాయనుకోకండి, అది ఒకదాన్నే వాడుకుంటుంది. రెంటినీ కలిపి ఒక్క దారి చేసే బాండింగ్ సర్వీసులు ఉన్నాయి, నెల చందా కట్టాలి, మీరు నెలకి ఎన్ని లైవ్‌లు చేస్తారో చూసుకుని తేల్చుకోవాల్సిన ఖర్చు. కలపకుండా రెండోదాన్ని స్టెప్నీలా ఉంచుకున్నా ఉపయోగమే: ఒకటి ఆగితే రెండోదానికి మారడానికి అరనిమిషం. కాకపోతే యూట్యూబ్ స్టూడియోలో ఆటో స్టాప్ తీసేసి ఉంచండి, లేకపోతే మీరు మారేలోపు లైవ్ ముగిసిపోయి, చుట్టాలకి పంపిన లింక్ చచ్చిపోతుంది. కొత్త లింక్ మళ్లీ ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు?

ఈ మూడింట్లో ఏది తీసుకున్నా రేట్ కంట్రోల్ సీబీఆర్ (బిట్‌రేట్ ఎప్పుడూ ఒకేలా), కీఫ్రేమ్ (బొమ్మని పూర్తిగా పంపే ఫ్రేము) 2 సెకన్లు, లేటెన్సీ (చూసేవాళ్లకి చేరడంలో ఆలస్యం) నార్మల్. అల్ట్రా లో లేటెన్సీ పెళ్లికి దేనికి చెప్పండి? అక్షింతలు అక్కణ్ణుంచి వేయరు కదా. ముప్పై సెకన్లు ఆలస్యంగా చూస్తే ఏమీ పోదు, ఆ వెసులుబాటులోనే చిన్నచిన్న అటకాయింపులు వాళ్లకి కనపడకుండా సర్దుకుంటాయి. ఓబీఎస్ అడ్వాన్స్డ్ సెట్టింగ్స్‌లో రద్దీని బట్టి బిట్‌రేట్ దానంతటదే మార్చుకునే ఆప్షన్ ఉంది, డాంగిల్ మీద వెళ్తే అది ఆన్ చేయండి. బొమ్మ కాసేపు మసకబారుతుంది గానీ ఆగదు.

రికార్డింగ్ వేరే కథ, దీన్ని లైవ్‌తో ముడిపెట్టడం దగ్గరే మీ ఇంట్లో గొడవంతా మొదలైంది. ఓబీఎస్‌లో రికార్డింగ్ క్వాలిటీ "లైవ్‌కి ఏది ఉంటే అదే" అని పెట్టి ఉంటారు, అది మొదట మార్చండి. రికార్డింగ్‌కి దారి ఇరుకు లేదు, డిస్కు మాత్రమే ఉంది, కాబట్టి అక్కడ సెకనుకి ఇంతే అని కట్టేయడం అనవసరం. సీక్యూపీ లేదా సీఆర్‌ఎఫ్ పద్ధతి (బిట్‌రేట్‌ని కాకుండా నాణ్యతని ఒకేలా ఉంచేవి) పెట్టి 20 దగ్గర ఉంచండి. నంబర్ తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. పంతులుగారు మంత్రం చదివేటప్పుడు తక్కువ తీసుకుంటుంది, తలంబ్రాలప్పుడు కావలసినంత తీసుకుంటుంది. ఫైలు ఎంతవుతుందో ముందే కచ్చితంగా చెప్పలేం, అదొక్కటే లోటు. అది టెన్షన్ అనుకుంటే వీబీఆర్ (ఒక సగటు చుట్టూ మారే బిట్‌రేట్) 20000 పెట్టండి, గంటకి 9 జీబీ, అయిదు గంటలకి 45, లెక్క తేలిక.

మావయ్యగారు చెప్పిన 50000 పెడితే అయిదు గంటలకి 112 జీబీ. డిస్కు వేగం సమస్య కాదు, 50 ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఆరుంపావు మెగాబైట్లే, పాత హార్డ్‌డిస్కు కూడా రాసేస్తుంది. సమస్య ఎక్కడంటే ఆ చిన్న క్యాప్చర్ కార్డు దగ్గర. అది యూఎస్‌బీ 2.0ది అయితే, మీరు చెప్పిన దాన్నిబట్టి అదే అనిపిస్తోంది, ఆ తీగలో సెకనుకి గరిష్ఠంగా 480 మెగాబిట్లు పడతాయి. నొక్కని 1080పీ 30 బొమ్మకి దాని మీద ఒకటిన్నర రెట్లు కావాలి. కాబట్టి అది బొమ్మని లోపలే ఒకసారి గట్టిగా నొక్కి పంపుతుంది. అలా నలిగి వచ్చిన బొమ్మని 50000లో రికార్డ్ చేస్తే ఆ నలుగుడు అంతా భద్రంగా దాచిపెట్టినట్టే. మంచి కాపీ మీవారి కెమెరా కార్డులో ఉంది, అక్కడ 50 ఎంబీపీఎస్‌కి అర్థం ఉంది, ఎడిటింగ్‌కి అదే వాడాలి. 128 జీబీ కార్డులో అది అయిదున్నర గంటలు వస్తుంది. ల్యాప్‌టాప్ రికార్డింగ్ మిక్సింగ్ కాపీగా, అత్యవసరానికి, అంతవరకే. దాన్ని ఎమ్‌కేవీ ఫైలు రకంలో చేయండి, మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా అయింది దక్కుతుంది, మామూలు ఎంపీ4 అయితే ఫైలు తెరుచుకోకపోవచ్చు.

ఇక ఇంటి సంగతికి వద్దాం. చిక్కేమిటంటే నిజం బయటికొస్తే అది నేరుగా మావయ్యగారి రీఛార్జ్ మీద పడుతుంది. మీరు చెప్పకుండా ఊరుకుని ఈసారి బూస్టర్ వేయించేసుకోవచ్చు. పెళ్లి బాగా జరుగుతుంది, కానీ "బిట్‌రేట్ పెంచడం వల్లే బాగుపడింది" అని ఆయన అనుకుంటారు, ఆ మాట మీ మీద అలాగే ఉండిపోతుంది, ఇంకో పెళ్లికి మళ్లీ ఇదే రభస. నలుగురిలో స్క్రీన్‌షాట్ చూపించొచ్చు, ఆయన నలుగురిలోనే అన్నారు కాబట్టి అది న్యాయం కూడా. కాకపోతే ఆయన మర్యాద పోయాక ఆ స్టూడియోలో మీ పని సుఖంగా ఉంటుందా అన్నది మీకే తెలియాలి. నేనైతే ముందు మీవారికి చూపిస్తాను. ఆ రోజు నోరు మెదపనాయన ఇప్పుడైనా మెదపాలి కదా. ఇద్దరూ కలిసి మావయ్యగారి దగ్గర కూర్చుని, తప్పెవరిదన్న మాట ఎత్తకుండా, 2 జీబీని డీవీడీ లెక్కలో నిమిషాలు చేసి ఆయన చేతే కట్టించండి. కాగితం మీద నలభై మూడు నిమిషాలు ఆయనే రాస్తే మీరు వేరే ఏమీ చెప్పక్కర్లేదు. అప్పటికీ ఆ "ఆడపిల్ల" మాట వెనక్కి తీసుకోకపోతే మీవారు అడగాల్సిన మాటే అది, మీరు కాదు. ఇకమీదట డాంగిల్ రీఛార్జ్ మాత్రం మీ చేతిలోకి తీసుకోండి, ఎవరు ఏమనుకున్నా. లైవ్ బాధ్యత ఒకరిది, ప్యాక్ ఇంకొకరిది అయితే ఇలాగే ఉంటుంది.

పెళ్లివారికి టవర్ ప్రాబ్లమ్ అని చెప్పకండి. వాళ్లకీ ఫోన్లున్నాయి, ఆ రాత్రి వాళ్ల నెట్ ఆడుతూనే ఉంది. మా వైపు డేటా లోపం జరిగింది అని ఒప్పుకుంటే 8,000లో కొంత వదులుకోవాల్సి రావొచ్చు. మొత్తం వదిలేస్తే వాళ్లు నలుగురికీ మంచిగా చెప్తారు గానీ డబ్బు పోతుంది. సగం దగ్గర తెగ్గొట్టి, మిగతా 7,000 పని పూర్తయింది కాబట్టి అడగడం నాకు సబబుగా అనిపిస్తోంది. దాంతో పాటు కెమెరా కార్డులో ఉన్న జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా, కత్తిరించకుండా, ఆ అన్నావదినల కోసం యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింక్ ఉన్నవాళ్లే చూసేలా) అప్‌లోడ్ చేసి ఇవ్వండి. ఉన్నదున్నట్టు 50 ఎంబీపీఎస్‌లో పెట్టకండి, మూడు గంటల ఫుటేజ్ 67 జీబీ దాటుతుంది, 8 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద పంతొమ్మిది గంటలు పోతూనే ఉంటుంది. 1080పీకి అప్‌లోడ్ వీడియోల కోసం యూట్యూబ్ సూచించేదే 8 ఎంబీపీఎస్, ముందు దానికి మార్చుకుంటే అదే మూడు గంటల వీడియో మూడు గంటల్లో ఎక్కేస్తుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే దాని మీదే చేయండి, డాంగిల్ మీద వద్దు, 10.8 జీబీ అది.

మానేయాలా అని అడిగారు. ఆడపడుచు పెళ్లికి హాల్లో ఫైబర్ ఉందో లేదో ఈ వారమే కనుక్కోండి. ఉంటే 1080పీ, 25, 6000. లేకపోతే 720పీ, 25, 3000, 10 జీబీ చేతిలో. ఆ రోజు మీరు పీటల దగ్గర ఉండాలా, ల్యాప్‌టాప్ దగ్గరా అన్నది మాత్రం ముందే ఇంట్లో తేల్చుకోండి. వదినగారు లేకుండా ఆడపడుచు పెళ్లిలో సగం పనులు జరగవు, ఓబీఎస్ ముందు కూర్చోవడానికి మరిదికి ఒక సాయంత్రం నేర్పిస్తే సరిపోతుంది. నెట్ ఎలా చీలుతుందో అతనికీ తెలిసొస్తుంది.